వెనక జత రెక్కలు

"ఏమప్పా, కండ్లు కనపడవా? నేను చూస్తాంటే నీళ్ళు పోస్తాండావే!"

గిడ్డారెడ్డి పాలిష్ ఫ్యాక్టరీలోకి వచ్చి గిడ్డారెడ్డి కొడుకునే ఇలా కసిరిన ఆడపిల్ల బేతంచెర్లలో అంతకు ముందు లేదు. మహానంది నీళ్ళ పైపు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. బండ మీది నీళ్ళు జారి నేరుగా ఆ పిల్ల చెప్పుల్లోకి పోయాయి.

"బండ మాది, పైపు మాది, నీళ్ళు కూడా మా బోరువే. మీరెవరు మేడం?"

"ఈ బండలో ఈగ ఉండాదని మీ మనిషి అయ్యన్న ఫోన్ చేసినాడు. చూసేదానికి వచ్చినా."

"ఈగనా?"

"ఈగే."

మహానంది వంగి చూశాడు. బండ మధ్యలో నల్లటి మరక, రెండు రెక్కలు విప్పినట్టు, అచ్చం ఈగలాగే ఉంది. అతనికి నవ్వు ఆగలేదు.

"నిజమే మేడం, ఉండాది! మోసుకుపోండి, ఊరికే ఇస్తా."

"ఇది ఈగ కాదులేప్పా. సందుల్లోకి నీళ్ళు దిగి ఎండినప్పుడు పట్టిన మ్యాంగనీసు మరక. ఈ రాయి పుట్టినప్పటికి ఈగ కాదు గదా, దాని ముత్తవ్వకు ముత్తవ్వ కూడా పుట్టలేదు. కోట్ల ఏండ్ల తేడా."

"అది తెలిసీ ఇంత ఎండలో వచ్చినారా?"

"తెలిసే వచ్చినా," అంది ఆమె చెప్పులోంచి నీళ్ళు వంపుకుంటూ. "ఏం జేసేది? ఆశ."

నవ్వుతూనే అంది. మహానందికి మాత్రం ఆ మాట దగ్గర నవ్వు ఆగిపోయింది. లేని ఈగ కోసం ఎండలో పడి వచ్చిన మనిషిని అతను చూడడం అదే మొదటిసారి. ఆమె గేటు దాటి పోయేదాకా పైపులో నీళ్ళు వృథాగా పోతూనే ఉన్నాయి.

ఆమె పేరు రెజీనా. ఊరి చివర చర్చి వీధిలో ఉండే బాలస్వామి కూతురు. బాలస్వామి గిడ్డారెడ్డి దగ్గరే ఏళ్ళకేళ్ళు బండలు కోసిన మనిషి. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి, ఇప్పుడు ఇంటి నుంచి చర్చికి నడిచినా మధ్యలో కూర్చోవాల్సి వస్తోంది. రెజీనా కడపలో యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోంది. దేని మీదయ్యా అంటే, రాళ్ళల్లో చిక్కుకుపోయిన పాతకాలపు ఈగల మీద. ఈ మాట విని చర్చి వీధిలో నవ్వని వాళ్ళు లేరు. ఈగల మీద చదవడానికి కడపదాకా ఎందుకు, మా బెల్లం డబ్బా కాడికి రాకూడదా అని ఎగతాళి చేసేవాళ్ళు.

మహానంది కూడా ఎగతాళి చేశాడు. చేసి, మరుసటి శనివారం ఆమె కడప నుంచి వచ్చే వేళకు రైల్వే స్టేషన్ ఎదుట టీకొట్టు దగ్గర తయారుగా ఉన్నాడు. ఆ పై శనివారం కూడా అంతే. పనేమైనా ఉందా అంటే ఏమీ లేదు పాపం. బండల లారీ ఎక్కించడానికి వచ్చానని చెప్పేవాడు. అక్కడ లారీ ఉండేది కాదు.

"ఈగల మేడం, టీ తాగుతారా?"

"ఈగ పడకుండా ఇప్పిస్తే తాగుతా."

అట్లా మొదలైంది. మేడం పోయి రెజీనా వచ్చింది. మీరు పోయి నువ్వు వచ్చింది. ఆమె నోట మహానంది కాస్తా నందీ అయ్యాడు.

"నందీ, ఎప్పుడన్నా ఈగను సరిగ్గా చూసినావా?"

"చూసినా. నా టీలో."

"దానికి రెక్కలెన్ని?"

"నాలుగు."

"తూనీగకు నాలుగు, తేనెటీగకు నాలుగు. ఈగకు రెండే."

"తక్కిన రెండూ ఎవరెత్తుకపోయినారు?"

"ఎవరూ ఎత్తుకపోలా. వెనక జత తరతరానికీ చిక్కిపోయి చిక్కిపోయి గుండుసూది తలకాయంత గుండీలు అయిపోయినాయి. అవి ఎగిరేదానికి పనికిరావు. కానీ అవి లేకుంటే ఈగ గాల్లో నిలవలేదు, గిరికీలు కొట్టి కింద పడతాది. ఎటు ఒరుగుతాండాదో దానికి తెలిపేది అవే."

మహానంది గ్లాసు కింద పెట్టాడు. "అంటే, పోయిన రెక్కలే దాన్ని నిలబెడతాండాయా?"

రెజీనా అతని వంక చూసింది. ఇన్నేళ్ళలో ఆమె చెప్పింది విని నవ్వకుండా తిరిగి ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. ఆ చూపు మహానందికి ఆ వారమంతా సరిపోయింది. ఫ్యాక్టరీలో గ్రైండరు చప్పుడులో కూడా అతనికి అదే గుర్తొచ్చి, ఒంటరిగా నవ్వుకుని తండ్రి చేత తిట్లు తిన్నాడు.

కానీ ఎంత నవ్వుకున్నా ఆ పిల్ల కళ్ళ కింది నలుపు అతనికి కనిపిస్తూనే ఉంది. ఒక శనివారం అడిగేశాడు.

"ఏందట్లా ఉండావు?"

"మా సారు రిటైరైపోయినాడు. ఇంక నా తరపున మాట్లాడే దిక్కు లేదు. ఇన్నేండ్లూ ఎవరో తీసిన ఫోటోల మీదే పని చేసినావు, ఎవరూ చూడని కొత్త సంగతి ఉండే ఈగను నీ సొంతంగా ఒక్కదాన్నన్నా చూపించు, అదీ స్పష్టంగా ఫోటో తీసి చూపించు, లేదంటే ఈ నెలతో నీ సీటు తీసేస్తామని కమిటీ చెప్పేసినాది."

"సీటు పోతే ఏమి? ఉద్యోగం చూసుకుందువు."

అప్పుడు రెజీనా అసలు సంగతి చెప్పింది. మైదుకూరులో గాబ్రియేలు గారని చర్చి పెద్ద ఉన్నారు. ఆయన కొడుకుతో సంబంధం అనుకున్నారు. ఆమె ఒప్పుకోలేదు. తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. పీహెచ్‌డీ చేతికొస్తే ఆమె ఎవరిని చూపిస్తే వాళ్ళే, కులమేదైనా బాలస్వామి అడ్డం చెప్పడు. రాకపోతే మైదుకూరుకు తలవంచాలి. వాళ్ళింట్లో ఏ పెద్ద మాటనైనా ప్రార్థనలో పెడతారు. పాస్టరుగారు వచ్చి, ఇద్దరి చేతులూ కలిపి పట్టుకుని, దేవుని ముందు చెప్పించి ఆమేన్ అనిపిస్తారు. ఈ ఒప్పందానికీ అంతే; ఒకసారి ఆమేన్ అన్నాక ఆ మాట వెనక్కి పోదు.

"ఎవరినైనా అంటే... ఎవరిని చూపిద్దామని?" అని అడిగాడు మహానంది.

"లారీ లేకుండా లారీకి కాపలా కాసే పిచ్చోడు ఒకడుండాడులే," అంది రెజీనా. అని, మొహం తిప్పుకుని రోడ్డు వంక చూసింది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

ఇంత మాట విన్నాక ఏ మగవాడైనా గాల్లో తేలాలి. మహానందికి మాత్రం తన బతుకు ఎక్కడో ఒక ఈగ రెక్కకు వేలాడుతోందని అప్పుడే తెలిసింది.

ఆ నెల మధ్యలో ఆ ఈగ దొరికింది.

గుజరాత్‌లో బొగ్గులాంటి లిగ్నైట్ తవ్వే గనుల్లో అంబర్ దొరుకుతుంది. ఎప్పటిదో చెట్టు బంక, అయిదు కోట్ల ఏళ్ళు మట్టిలో పడి ఉండి గట్టిపడింది. రెజీనా సారుకు ఎవరో ఎప్పుడో సంచెడు అంబర్ పెంకులు ఇచ్చి పోయారు. అందరూ ఏరి వదిలేసిన ఆ సంచి అడుగున, చింతగింజంత ముక్కలో ఒక ఈగ కనిపించింది. ఆమె దాన్ని గుడ్డలో చుట్టుకుని శనివారం సాయంత్రం నేరుగా ఫ్యాక్టరీకే వచ్చింది.

పైన బరుకుగా, మసకగా ఉంది ముక్క. ఒక బొట్టు కొబ్బరినూనె వేసి, భూతద్దం పెట్టి చూపించింది. "కనపడతాండాదా? రెక్క కింద, ఆ పక్కన."

కనిపించింది. ఈగ ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది, అవతలి పక్క రెక్కలు ఒంటి కింద నలిగిపోయాయి. ముందు రెక్క కింద, గుండీ ఉండాల్సిన చోట, ఒక చిన్న రేకు. అందులో సన్నటి ఈనె.

"ఇది గుండీ కాలేదు నందీ. రెక్కగా ఉండాలా, గుండీ కావాలా తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయినట్టుండాది. ఇట్లాంటిది నేను యాడా చూడలా. ఇదొక్కటే ఇట్లా పుట్టిందో, ఈ వంశమంతా ఇంతేనో తెలీదు. ఏదైనా ముందు నలుగురికీ చూపించాల. నూనె వేస్తే నీడలాగా కనపడతాదే కానీ ఫోటో పడదు. ఈ పక్క నునుపు చేస్తే అద్దంలో చూసినట్టు కనపడతాది. మా లాబ్‌లో నునుపు పట్టే మిషన్ పాడై ఏండ్లయింది. బయటికి పంపిస్తే ఈ నెలలో రాదు."

"నేను పడతా పాలిష్."

"అందుకే తెచ్చినా. నీ చేతి పని చూసినా కదా." ఆమె ముక్క అంచు మీద, ఎంత దాకా అరగొచ్చో తెలిసేట్టు, సన్నటి మార్కరుతో ఒక గీత గీసింది. "ఈ గీత దాకా. ఇంక ఒక్క రవ్వ కూడా పోగూడదు. ఆ రేకు పైనే ఉండాది, గీత దాటితే పోతాది."

"నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. ఈగ మీద పెట్టు," అంది నవ్వుతూ. వెళ్ళేటప్పుడు అతని చేతి వేళ్ళను ఒక్క క్షణం పట్టుకుని వదిలింది.

మరునాడు ఆదివారం. ఫ్యాక్టరీకి సెలవు. చర్చి నుంచి పాటలు వినిపిస్తున్నాయి. ఆ గొంతుల్లో ఆమె గొంతు కూడా ఉంటుందని మహానందికి తెలుసు. మిషన్ ముట్టుకోలేదు. అన్నిటికంటే సన్నటి పాలిష్ కాగితం తడిపి, ముక్కను బొటనవేలు కింద పెట్టుకుని, పసిబిడ్డ చెంప తుడిచినంత మెత్తగా రుద్దాడు. అరుగుతున్న కొద్దీ మసక పోయి తేనె రంగు వచ్చింది. ఈగ వీపు మీది వెంట్రుకలు కూడా కనిపించాయి. అతనికి ఆనందంతో ఏడుపొచ్చింది. గీత దగ్గరికి వచ్చి ఆగాడు.

ఆగినవాడు ఆగినట్టే ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

మెరుస్తున్న ఆ పక్క మీద, అంచుకు దగ్గరగా, నువ్వుగింజలో సగమంత గుంత కనిపించింది. వేరే ఎవరైనా దాన్ని పట్టించుకోరు. కానీ మహానంది బేతంచెర్లలో పుట్టాడు. గుంత ఉన్న బండ గేటు దాటకూడదన్నది వాళ్ళ ఫ్యాక్టరీ పట్టింపు. రాతిపొడి లప్పం పెట్టి పూడ్చాలి, లేదా గుంత పోయేదాకా రుద్దాలి. బడికి పోయే వయసు నుంచీ అతని వేలికి గుంత తగిలితే నిద్ర పట్టదు. దీనికి లప్పం పెడితే ఈగ కనపడదు. రెజీనా చేతికి గుంత ఉన్న ముక్క ఇవ్వడమా? తన బతుకులో చేసిన అన్ని పాలిష్‌లకంటే ముఖ్యమైనది ఇదే కదా!

ఇంకొక్క రుద్దు, అంతే అనుకున్నాడు. రుద్దాడు. గుంత పోయింది. గీత కూడా పోయిందని అతను చూడలేదు. ముక్క మెరుస్తుంటే మురిసిపోతూ చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం తెల్లచొక్కా వేసుకుని కడప బస్సెక్కాడు. మైదుకూరు దాటాక వాన పట్టుకుంది. ఆ సంవత్సరం అదే మొదటి వాన. కిటికీ మూయమని అందరూ అరుస్తున్నా మూయలేదు. మొహమంతా తడుపుకుని, ఆమెతో ఏ మాట ఎలా మొదలుపెట్టాలో పెదాలు కదుపుకుంటూ కూర్చున్నాడు. పక్కన కూర్చున్న పెద్దమనిషి పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి కొంచెం దూరం జరిగాడు.

లాబ్‌లో రెజీనా ఒక్కతే ఉంది. గొడుగు లేక ఆమె కూడా సగం తడిసే ఉంది.

"తెచ్చినావా?"

"చూసి చెప్పు, బేతంచెర్ల పాలిష్ అంటే ఏందో."

ముక్కను అరచేతిలో పెట్టుకుని ఆమె అబ్బా అంది. ఆ ఒక్క మాట కోసమే అతను అంత దూరం వచ్చాడు. ఆమె దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి కన్ను ఆనించింది.

బయట రేకుల మీద వాన దడదడ కొడుతోంది. ఆమె చక్రం అటు తిప్పింది. ఇటు తిప్పింది. ముక్కను కొంచెం జరిపింది. మళ్ళీ తిప్పింది. మహానంది ఆమె నవ్వు కోసం ఎదురు చూస్తున్నాడు. ఆమె భుజాలు మెల్లగా కుంగిపోవడం చూశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. శానా బాగుండాది నందీ. ఇంత బాగా ఎవరూ పట్టలేరు."

"జరుగు. నేను చూస్తా."

"వద్దు."

"జరుగు రెజీనా."

అతను కన్ను పెట్టాడు. ఈగ కంటిలో గళ్ళు కనిపించాయి. కాళ్ళ మీద నూగు కనిపించింది. ముందు రెక్కలో ప్రతి ఈనె కనిపించింది. ఇంత అందమైనది అతను ఎప్పుడూ చూడలేదు. రెక్క కిందికి వెళ్ళాడు. రేకు ఉండాల్సిన చోట అంతా నునుపు. అతని చేతి నునుపు. ఆ రేకు ఆదివారం నాడు నీళ్ళతో కలిసి ఫ్యాక్టరీ మోరీలోకి పోయింది.

"గుంత ఉండె," అన్నాడు మహానంది. "చిన్న గుంత ఉండె రెజీనా."

"తెల్సు. నేనే చూసినా ఆ గుంత. అది ఉన్నా ఏం కాదని నీకు చెప్పాలని తట్టలేదు."

"తిట్టు నన్ను. ఒక దెబ్బన్నా కొట్టు."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం ఊపిరి ఆడేది. తడి చున్నీతో ముక్కను తుడిచి, తడి చేసింది తానే కాబట్టి మళ్ళీ తుడిచింది. ఆ పని ఎంతకీ తెమలలేదు.

"ఇంకోటి వెతుకుదాం. గుజరాత్ పోదాం, నేనొస్తా."

"ఈ నెలలోనా? సంచెడు పెంకుల్లో ఇదొక్కటే దొరికింది నందీ. ఇంకోటి ఉండాదో లేదో దేవునికే తెల్సు."

"అయితే పోదాం పా. నంద్యాలలో రిజిస్టర్ పెండ్లి చేసుకుందాం. మా నాయన కొడతాడు, కొట్టనీ. నువ్వంటే నాకు ప్రాణం రెజీనా. నువ్వు లేకుంటే నేను ఉండలేను." బస్సులో వానలో తడుస్తూ ఎంతో అందంగా అమర్చుకున్న మాట ఇలా ఏడుపులో కలిసి బయటికొచ్చింది.

"నాకు కూడా నువ్వంటే ప్రాణమే. టీకొట్టు కాడ మొదటిరోజు నుంచీ." రెజీనా అతని తల మీద చెయ్యి వేసింది. "కానీ మా నాయన ఊపిరి తీసుకునే చప్పుడు నువ్వెప్పుడన్నా విన్నావా? ఆయన రొమ్ములో ఉండేది మీ బండల దుమ్మే నందీ. ఆ దుమ్ము మింగి నన్ను ఇంత దాకా చదివించినాడు. ఆ చేతులు పట్టుకుని ఆమేన్ అన్నా. ఆ మాట తప్పి నీతో వచ్చి, ఏ మొహంతో ఉండేది?"

మహానంది తలవంచి, ముక్కను రుద్దిన తన బొటనవేలు చూసుకున్నాడు.

"మన ఊరోళ్ళు గుంతలు పూడ్చేదాంట్లో మొనగాళ్ళంట కదా," అంది ఆమె చివరికి, నవ్వబోయి. "దీన్ని పూడ్చు చూద్దాం."

"ఇది పూడదు," అన్నాడు అతను.

వాన వెలిసేదాకా ఇద్దరూ అలాగే ఒక బల్ల మీద కూర్చున్నారు. తర్వాత అతను బస్టాండుకు పోయాడు. ఆమె ఈగను అల్మారాలో పెట్టి తాళం వేసుకుంది.

నెల తిరిగేసరికి రెజీనా సీటు పోయింది. మైదుకూరు పెండ్లి ఖాయమైందని మహానందికి ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేకపోయింది. బాలస్వామే ఫ్యాక్టరీకి వచ్చాడు. గేటు దగ్గర ఒకసారి, తొట్టి దగ్గర ఒకసారి ఆగి, రొప్పుతూ లోపలికి వచ్చాడు. కూతురు కాపురం పెట్టే ఇంట్లో ముందు గదికి తన చేత్తో ఏరిన బండలు పరిపించాలని ఆయన కోరిక. ఇన్నేళ్ళు బండల్లో బతికి బిడ్డకు ఇంకేం పెడతాను అన్నాడు. ఒక్కొక్క బండనూ వేలితో తట్టి, చప్పుడు విని ఏరుకున్నాడు.

"చిన్నరెడ్డీ, నువ్వే పట్టాల పాలిష్. నా బిడ్డ మెత్తటి కాళ్ళది. యాడా గుచ్చుకోగూడదు."

మామా అనాలని మహానంది నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"అట్లనే పెద్దాయనా."

అన్ని బండలూ తనే పట్టాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆమె నడిచే నేల కదా. రేపు తెల్లచీర కట్టుకుని గడప లోపల పెట్టే మొదటి అడుగు వీటి మీదే. అలా అనుకుంటే చెయ్యి ఆగిపోయేది. మళ్ళీ రుద్దేవాడు. కళ్ళ నీళ్ళు కూడా పాలిష్ నీళ్ళలో కలిసిపోయేవి కాబట్టి ఎవరికీ కనపడలేదు.

లారీ ఎక్కించే రోజు గిడ్డారెడ్డి అలవాటుగా బండలన్నీ తడిమి చూశాడు. చివరి బండ దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఒరేయ్, ఇదేందిరా? ఈడ గుంత ఉండిపోయినాది."

"ఉండనీ నాయనా."

"ఉండనీ ఏందిరా? మన ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడన్నా పోయిందా గుంత ఉన్న బండ? లప్పం తే!"

"ముట్టుకోవద్దు నాయనా," అన్నాడు మహానంది. గొంతు పెంచలేదు. కానీ గిడ్డారెడ్డి, కొడుకు మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పక్కనే కూర్చుని ఊపిరి పీల్చుకుంటున్న బాలస్వామి లేచి వచ్చాడు. వంగి, రాయి కొట్టి కొట్టి మొద్దుబారిన బొటనవేలు ఆ గుంత మీద పెట్టాడు. నువ్వుగింజలో సగమంత ఉంది. చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత తలెత్తి మహానంది కళ్ళలోకి చూశాడు. కూతురు ఇంట్లో ఏం చెప్పిందో, ఏం చెప్పలేదో, ఆ చూపులో ఏమీ తెలియలేదు.

"కాళ్ళకేం గుచ్చుకోదులే," అన్నాడు ముసలాయన మెల్లగా. "ఎక్కించండప్పా."

లారీ మైదుకూరు వైపు పోయింది. దుమ్ము అణిగిన తర్వాత కూడా మహానంది రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఆ బండ ఆమె ముందు గదిలో, గడపకు దగ్గరగా ఎక్కడో ఉంది. రోజూ ఊడ్చేటప్పుడు, తడిగుడ్డ పెట్టేటప్పుడు ఆమె దాని మీద నుంచే నడుస్తుంది. ఆ గుంత ఎప్పుడైనా ఆమె అరికాలికి తగిలిందో లేదో అతనికి తెలియదు.